మోడెంకి మన సాఫ్ట్‌వేర్ మాట అర్థం కాకపోతే? డయల్-అప్ నుంచి 4జీ స్టార్టర్ దాకా ఒక పాఠం

ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేస్తే చాలు, నెట్ వచ్చేస్తుంది. లోపల ఏ కంపెనీ మోడెం ఉంది, ఆండ్రాయిడ్ దానితో ఎలా మాట్లాడుతోంది అని మనం అడగం. అడగాల్సిన అవసరమూ రాదు. కానీ మా మేడ్చల్, శామీర్‌పేట వైపు తోటల్లో బోరు మోటార్లకు బిగించిన మొబైల్ స్టార్టర్ల దగ్గర ఈ ప్రశ్న ఇప్పుడు మళ్ళీ లేచింది. పాత 2జీ మాడ్యూల్ పీకేసి 4జీ మాడ్యూల్ పెడతారు. సిగ్నల్ ఉంటుంది, సిమ్‌లో బ్యాలెన్స్ ఉంటుంది, కాల్ చేస్తే రింగ్ కూడా అవుతుంది. మోటారు మాత్రం తిరగదు. అవతల మడి ఎండుతుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి దగ్గరి దారి 4జీ పుస్తకం కాదు, పాత డయల్-అప్ మోడెం. నేను మేడ్చల్‌లోనే ఉంటాను. పాత మోడెంలు పోగేయడం నా పిచ్చి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్ని, కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని, చుట్టాల ఇళ్ళల్లో అటక మీంచి దించినవి కొన్ని. వాటితో నేర్చుకున్న పాఠమే ఈ ఆర్టికల్.

ముందుగా ఒక మాట. కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు వాడాలి.

అసలు ఏటీ కమాండ్ అంటే ఏంటి?

మోడెం పని సింపుల్. కంప్యూటర్ ఇచ్చే బిట్లను ఫోన్ తీగ మోయగలిగే శబ్దంగా మార్చాలి, అవతలి నుంచి వచ్చిన శబ్దాన్ని మళ్ళీ బిట్లుగా మార్చాలి. చిక్కు ఎక్కడంటే, కంప్యూటర్‌కీ మోడెంకీ మధ్య ఉన్నది ఒకటే సీరియల్ కేబుల్. డేటా అందులోంచే వెళ్ళాలి, "ఈ నంబర్‌కి డయల్ చెయ్యి" అనే ఆజ్ఞ కూడా అందులోంచే వెళ్ళాలి. రెండింటినీ మోడెం ఎలా విడదీస్తుంది?

1981లో అమెరికాలోని హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెం తెచ్చింది. దాని వేగం సెకనుకు 300 బిట్లే. కానీ అది చూపించిన దారి ఇప్పటికీ నడుస్తోంది. మోడెంకి రెండు స్థితులు పెట్టారు. కమాండ్ స్థితిలో ఉన్నప్పుడు "ఏటీ"తో మొదలయ్యే ప్రతి వరుసా ఆజ్ఞ. ఏటీ అంటే అటెన్షన్, మన మాటల్లో "ఇటు విను" అని. కనెక్ట్ అయ్యాక ఆన్‌లైన్ స్థితి, అప్పుడు వచ్చేదంతా డేటా. మధ్యలో మళ్ళీ ఆజ్ఞ ఇవ్వాలంటే ఒక సెకను ఆగి, మూడు ప్లస్సులు కొట్టి, ఇంకో సెకను ఆగాలి.

మిగతా కంపెనీలన్నీ ఈ పద్ధతిని కాపీ కొట్టాయి. డబ్బా మీద "హేస్ కంపాటిబుల్" అని అచ్చు వేశాయి. అన్ని మోడెంలకూ అర్థమయ్యేవి ఇవి:

- ఏటీజెడ్: సేవ్ చేసిన సెట్టింగ్‌తో మళ్ళీ మొదలుపెట్టు
- ఏటీడీటీ, పక్కన నంబర్: టోన్‌తో డయల్ చెయ్యి
- ఏటీడీపీ, పక్కన నంబర్: పాత ఎక్స్ఛేంజ్‌ల కోసం పల్స్‌తో డయల్ చెయ్యి
- ఏటీఏ: వస్తున్న కాల్ ఎత్తు
- ఏటీహెచ్: ఫోన్ పెట్టెయ్యి

వీటికి మోడెం "ఓకే", "కనెక్ట్", "నో క్యారియర్", "ఎర్రర్", "బిజీ" అని జవాబిస్తుంది. ఇంతవరకూ అందరిదీ ఒకటే భాష. దీని తర్వాత ఎవరి యాస వారిది. కంపాటిబిలిటీ సమస్యలన్నీ ఈ గీత దాటాకే మొదలవుతాయి. ఆ చోట్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

1. డయల్ టోన్ వినిపిస్తున్నా "నో డయల్‌టోన్"

మన దేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాతి సంవత్సరాల్లో ఇళ్ళల్లోకి వచ్చిన మోడెంలలో చాలావాటి ఫ్యాక్టరీ సెట్టింగ్ అమెరికా లైన్‌కి సరిపోయేది. అక్కడి డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ శబ్దాల కలయిక. మన డయల్ టోన్ 400 హెర్ట్జ్, దాని మీద 25 హెర్ట్జ్ కదలిక. రిసీవర్ ఎత్తి చెవిలో పెట్టుకుంటే మనకు "కుర్ర్" మని చక్కగా వినిపిస్తుంది. మోడెం మాత్రం తనకు తెలిసిన శబ్దం కోసం ఎదురుచూసి చేతులెత్తేస్తుంది. విండోస్‌లో 680 ఎర్రర్ వచ్చేది ఇక్కడే.

మందు చిన్నది: ఏటీఎక్స్3. మామూలుగా ఉండే ఎక్స్4 అంటే డయల్ టోన్ వినాలి, బిజీ టోన్ కూడా గుర్తుపట్టాలి. ఎక్స్3 అంటే డయల్ టోన్ కోసం ఆగకు, బిజీని మాత్రం చూడు. విండోస్ మోడెం సెట్టింగ్స్‌లో "డయల్ టోన్ కోసం ఆగు" అనే టిక్ తీసేస్తే అది చాటుగా పంపేది ఈ ఎక్స్3నే. లైన్ మార్చక్కర్లేదు, మోడెం మార్చక్కర్లేదు. ఒక్క అంకె మార్చాలి.

2. నంబర్ సరైనదే, కాల్ మాత్రం ఎస్టీడీ

ఇది మా ఊరి స్పెషల్. మేడ్చల్ ఎస్టీడీ కోడ్ 08418, హైదరాబాద్‌ది 040. సికింద్రాబాద్ ఇక్కడికి కూతవేటు దూరమే అనిపిస్తుంది, టెలిఫోన్ లెక్కలో మాత్రం వేరే ఏరియా. విండోస్ డయలర్‌లో "మీ ఏరియా కోడ్" అనే గడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్నీ, డయల్ చేయాల్సిన నంబర్ పక్కనున్న కోడ్‌నూ పోల్చి చూసుకుంటుంది. రెండూ ఒకటైతే లోకల్, వేరైతే ముందు సున్నా, కోడ్ తగిలించి ఎస్టీడీగా డయల్ చేస్తుంది.

ఇంటర్నెట్ కోసం ఇచ్చిన 172తో మొదలయ్యే ఆరంకెల నంబర్లకు ఏ కోడూ తగిలించకూడదు. గడిలో ఏదో ఒక కోడ్ పెట్టి వదిలేస్తే సాఫ్ట్‌వేర్ తన తెలివి చూపించి నంబర్‌నే మార్చేస్తుంది. "ఏరియా కోడ్ వాడు" అనే టిక్ తీసేయడమే పరిష్కారం. ఇక్కడ మోడెం తప్పేం లేదు, ఇచ్చిన అంకెల్ని నమ్మకంగా నొక్కింది. తేడా వచ్చింది సాఫ్ట్‌వేర్‌కీ, మనం ఉన్న చోటికీ మధ్య.

3. టెక్స్ట్ వస్తుంది, జిప్ ఫైల్ పాడవుతుంది

డయల్-అప్‌లో రెండు వేగాలు ఉంటాయి. ఒకటి ఫోన్ లైన్ మీద, ఉదాహరణకు 33.6 కేబీపీఎస్. రెండోది కంప్యూటర్‌కీ మోడెంకీ మధ్య కేబుల్‌లో, మామూలుగా 115.2 కేబీపీఎస్. ఎందుకీ తేడా? వీ.42బిస్ అనే కంప్రెషన్ వల్ల మామూలు టెక్స్ట్ చాలా చిన్నదైపోయి లైన్ మీద వెళ్తుంది. అది మోడెంలో మళ్ళీ విప్పుకున్నప్పుడు కంప్యూటర్ వైపు వేగంగా పోయాలి. అందుకే కేబుల్ వేగం ఎక్కువ పెడతారు.

వేగాలు వేరైనప్పుడు "ఆగు, నిండిపోయింది" అని చెప్పే పద్ధతి ఒకటి ఉండాలి. దాన్నే ఫ్లో కంట్రోల్ అంటాం. ఇది రెండు రకాలు. మొదటిది హార్డ్‌వేర్: ఆర్టీఎస్, సీటీఎస్ అనే రెండు విడి తీగల మీద సంకేతం వెళ్తుంది. రెండోది సాఫ్ట్‌వేర్: డేటా మధ్యలోనే 19వ నంబర్ అక్షరం పంపితే ఆగు అని, 17వ నంబర్ పంపితే కానీ అని. టెక్స్ట్‌లో ఈ రెండు అక్షరాలూ రావు కాబట్టి ఇబ్బంది లేదు. జిప్ ఫైల్‌లో, ఫొటోలో ఏ నంబర్ బైట్ అయినా రావచ్చు. అప్పుడు డేటానే "ఆగు" అన్న ఆజ్ఞగా అర్థమై, ఫైల్ సగంలో నిలిచిపోతుంది లేదా బైట్లు మాయమవుతాయి.

అందుకని హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టాలి. అది కేబుల్‌కి రెండు వైపులా, అంటే సాఫ్ట్‌వేర్‌లోనూ మోడెంలోనూ ఒకటే ఉండాలి. ఇక్కడే యాస తేడా మొదలవుతుంది. రాక్‌వెల్ చిప్ ఉన్న మోడెంలో దీని కమాండ్ ఏటీ&కె3. యూఎస్ రోబోటిక్స్ మోడెంలో ఏటీ&హెచ్1&ఆర్2. ఒకదాని మాట ఇంకోదానికి చెబితే "ఎర్రర్" అంటుంది, లేదా వేరే అర్థం తీసుకుంటుంది. విండోస్‌లో సరైన డ్రైవర్ దొరక్క "స్టాండర్డ్ మోడెం" అని ఎంచుకుంటే నెట్ వస్తుంది కానీ సుఖంగా ఉండదు. ఎందుకంటే ఆ డ్రైవర్‌కి అందరికీ తెలిసిన నాలుగు మాటలే తెలుసు.

దీనికి తోడు కంప్యూటర్ సీరియల్ పోర్టులోని చిప్. కేబుల్‌లో 115.2 కేబీపీఎస్ అంటే సెకనుకు 11,520 బైట్లు, ఒక్కో బైట్‌కి దాదాపు 87 మైక్రోసెకన్లు. పాత 8250, 16450 చిప్‌లు వచ్చిన బైట్‌ని ఒక్కటే దాచగలవు. అంటే ఆ 87 మైక్రోసెకన్లలోపే ప్రాసెసర్ వచ్చి తీసుకెళ్ళాలి, లేకపోతే పైన ఇంకోటి వచ్చి పడుతుంది. 16550ఏ చిప్‌లో 16 బైట్ల వరుస ఉంటుంది, కాబట్టి దాదాపు 1.4 మిల్లీసెకన్ల వెసులుబాటు. అదే మోడెం ఒక కంప్యూటర్‌లో బాగా పనిచేసి పక్క కంప్యూటర్‌లో సతాయించడానికి ఇదొక పెద్ద కారణం.

4. ప్రోగ్రామ్ మూసేసినా లైన్ తెగదు

ఇది జేబుకి సంబంధించిన పాయింట్, జాగ్రత్తగా చదవండి. మోడెం కంప్యూటర్‌కి డీసీడీ అనే తీగ మీద "లైన్ కలిసి ఉంది" అని చెబుతుంది. కంప్యూటర్ మోడెంకి డీటీఆర్ అనే తీగ మీద "నేనింకా ఉన్నాను" అని చెబుతుంది. &సీ1 పెడితే డీసీడీ నిజం చెబుతుంది. &సీ0 పెడితే లైన్ కలిసినా కలవకపోయినా "ఉంది, ఉంది" అంటుంది. &డీ2 పెడితే డీటీఆర్ పడిపోగానే మోడెం ఫోన్ పెట్టేస్తుంది. &డీ0 పెడితే పట్టించుకోదు.

మోడెంలో &డీ0 ఉండి, మీ సాఫ్ట్‌వేర్ డీటీఆర్‌నే నమ్ముకుని కాల్ ఆపేదైతే ఏమవుతుంది? స్క్రీన్ మీద కిటికీ మూసుకుపోతుంది, మీరు అన్నానికి వెళ్తారు, లైన్ మాత్రం తెరిచే ఉంటుంది. అప్పట్లో మామూలు లోకల్ కాల్ అంటే మూడు నిమిషాలకో పల్స్. కాబట్టి తప్పుల్ని రెండు రకాలుగా చూడాలి. "కనెక్ట్" రాకముందు వచ్చేవి విసిగిస్తాయి, అంతే. "కనెక్ట్" వచ్చాక వచ్చేవి బిల్లులో కనిపిస్తాయి.

5. 56కే అని రాసి ఉంది, మరి రాదేం?

1997లో 56కే మోడెంలు రెండు జట్లుగా వచ్చాయి. యూఎస్ రోబోటిక్స్ వాళ్ళది ఎక్స్2, రాక్‌వెల్, లూసెంట్ వాళ్ళది కె56ఫ్లెక్స్. రెండూ 56కేనే, కానీ ఆ వేగంలో ఒకదానితో ఒకటి మాట్లాడవు. మీ ఇంట్లో ఒక జట్టు, సర్వీస్ ప్రొవైడర్ దగ్గర ఇంకో జట్టు ఉంటే ఇద్దరూ పాత వీ.34 వేగానికి దిగిపోవాల్సిందే. 1998లో వీ.90 ప్రమాణం వచ్చి ఈ గొడవ తీర్చింది.

అయినా ఊరి చివరి ఇళ్ళకు 56కే అందుతుందన్న నమ్మకం లేదు. వీ.90 పనిచేయాలంటే ప్రొవైడర్ నుంచి మీ ఎక్స్ఛేంజ్ దాకా దారంతా డిజిటల్‌గా ఉండి, అనలాగ్‌గా మారడం ఒక్కసారే జరగాలి. ఎక్స్ఛేంజ్‌కీ ఇంటికీ మధ్య ఒకే తీగ జంట మీద ఇద్దరి లైన్లు నడిపే పరికరం ఉంటే ఆ మార్పు ఇంకోసారి జరుగుతుంది. వీ.90 అక్కడితో సరి. తీగ పొడవు పెరిగినకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు నీరసిస్తాయి. మోడెం మొండిగా పై వేగం కోసమే ప్రయత్నిస్తూ, తప్పులొచ్చి, మళ్ళీ మొదటి నుంచి సర్దుకుంటూ సమయం తినేస్తుంది. అలాంటి లైన్ మీద వేగాన్ని మనమే కిందికి కట్టేస్తే డౌన్‌లోడ్ తొందరగా పూర్తవుతుంది. ఇంజన్ బలం ఎంతున్నా గుంతల రోడ్డు మీద రెండో గేరే నయం కదా, అలా.

కట్టేసే కమాండ్ కూడా ఒకటి కాదు. కొత్త పద్ధతిలో ఏటీ+ఎంఎస్=వీ34. పాత రాక్‌వెల్ చిప్‌లలో ఏటీ+ఎంఎస్=11. లూసెంట్ చిప్‌లో ఏటీఎస్38=0. మూడింటి ఉద్దేశం ఒకటే, మాటలు మూడు.

6. సగం మోడెం, సగం విండోస్

ధర తగ్గించడానికి కంపెనీలు మోడెంలోని మెదడు తీసేసి ఆ పనిని కంప్యూటర్ ప్రాసెసర్‌కి అప్పజెప్పాయి. వీటినే విన్‌మోడెంలు అనేవారు. కార్డు మీద మిగిలింది లైన్‌తో కలిపే భాగమే. ఏటీ కమాండ్లను అర్థం చేసుకునేది కూడా విండోస్‌లో నడిచే డ్రైవరే. అదే కార్డు లినక్స్‌లో పెడితే అక్కడ మోడెం అనేదే కనిపించదు. కొన్ని చిప్‌లకు లినక్స్ డ్రైవర్లు వచ్చాయి కానీ, వాటిలో మూసి ఉంచిన భాగం ఉండటం వల్ల కెర్నల్ మారినప్పుడల్లా తిప్పలు. సీరియల్ పోర్టుకి తగిలించే బయటి మోడెం మాత్రం విండోస్, లినక్స్, డాస్ దేనితోనైనా మాట్లాడుతుంది. పాత మోడెం కొనాలనుకుంటే బయటిది, సీరియల్ పోర్టుతో ఉన్నదే తీసుకోండి.

మీరే చేసి చూడండి

ల్యాండ్‌లైన్ అక్కర్లేదు. కావాల్సినవి రెండు బయటి మోడెంలు, రెండు యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్ళు, ఒక చిన్న ఇంటర్‌కామ్ ఎక్స్ఛేంజ్ డబ్బా. ఆఫీసుల్లో తీసేసిన నాలుగు లైన్ల ఈపీఏబీఎక్స్ చాలు.

1. పుట్టీ లేదా టెరా టెర్మ్ తెరిచి సీరియల్ పోర్టు ఎంచుకోండి. వేగం 115200 పెట్టండి. పుట్టీలో ఫ్లో కంట్రోల్ మామూలుగా సాఫ్ట్‌వేర్ రకం మీద ఉంటుంది, దాన్ని ఆర్టీఎస్/సీటీఎస్‌కి మార్చండి.
2. ఏటీ అని కొట్టండి. "ఓకే" వస్తే కేబుల్, వేగం రెండూ సరే. ఏమీ రాకపోతే ఇక్కడే ఆగి వాటిని సరిచేయండి. ముందుకెళ్ళి లాభం లేదు.
3. ఏటీఐ0 నుంచి ఏటీఐ9 దాకా ఒక్కొక్కటీ కొట్టండి. చిప్ పేరు, వెర్షన్ వీటిలో ఏదో ఒకదానికి బయటపడుతుంది. డబ్బా మీది బ్రాండ్ పేరు కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే యాస చిప్‌ది.
4. ఏటీ&ఎఫ్‌తో ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి తెచ్చుకోండి. యూఎస్ రోబోటిక్స్ అయితే ఏటీ&ఎఫ్1, అందులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ముందే ఉంటుంది.
5. ఆ చిప్‌కి తగిన ఫ్లో కంట్రోల్ కమాండ్, &సీ1, &డీ2, ఎక్స్3 పెట్టండి. ఒకేసారి కలిపి కాకుండా ఒక్కోటి విడిగా ఇవ్వండి. ఏది "ఎర్రర్" అందో అప్పుడే తెలుస్తుంది.
6. ఒక మోడెం నుంచి ఏటీడీటీ, అవతలి ఎక్స్‌టెన్షన్ నంబర్. రెండోదానిలో "రింగ్" కనిపించగానే ఏటీఏ. ఆ పాత కీచు సంగీతం వినిపించాక "కనెక్ట్" వస్తుంది.
7. ముందు ఒక టెక్స్ట్ ఫైల్, తర్వాత ఒక జిప్ ఫైల్ పంపి చూడండి. టెరా టెర్మ్‌లో సెండ్ ఫైల్‌లో బైనరీ టిక్ పెట్టి నేరుగా పంపండి; జెడ్‌మోడెం వద్దు, అది 17, 19 నంబర్ అక్షరాలను మార్చి పంపుతుంది కాబట్టి తేడా కనిపించదు. ఫ్లో కంట్రోల్ మార్చి మళ్ళీ పంపండి. మూడో పాయింట్‌లో చెప్పింది కళ్ళారా కనిపిస్తుంది.

"కనెక్ట్ 115200" అని చూసి మురిసిపోకండి. అది కేబుల్ వేగం. రాక్‌వెల్ చిప్‌లో ఏటీడబ్ల్యూ2 పెడితే అసలు లైన్ వేగం చెబుతుంది.

ఇక మోటారు దగ్గరికి వద్దాం

ఏటీ కమాండ్లు డయల్-అప్‌తో పోలేదు. మొబైల్ మోడెంల కోసం 3జీపీపీ ప్రమాణంగా వాటిని పొడిగించారు. 2018లో ఫ్లోరిడా యూనివర్సిటీ తదితర పరిశోధకులు 11 కంపెనీలకు చెందిన రెండు వేలకు పైగా ఆండ్రాయిడ్ ఫర్మ్‌వేర్‌లను వెతికి 3,500 ఏటీ కమాండ్లు బయటికి తీశారు. మీ జేబులోని ఫోన్‌లోనూ "ఇటు విను" అనే మాట ఇంకా బతికే ఉంది.

మొబైల్ స్టార్టర్‌లో ఒక చిన్న మైక్రోకంట్రోలర్, ఒక మోడెం మాడ్యూల్ ఉంటాయి. రైతు కాల్ చేసి 1 నొక్కితే మోటారు ఆన్, ఇంకో అంకె నొక్కితే ఆఫ్. నొక్కిన అంకెను కనిపెట్టమని కంట్రోలర్ మోడెంకి చెప్పాలి. పాత స్టార్టర్లలో ఎక్కువగా కనిపించే సిమ్800 మాడ్యూల్‌లో ఆ మాట ఏటీ+డీడీఈటీ=1. క్వెక్‌టెల్ 4జీ మాడ్యూళ్ళలో ఏటీ+క్యూటోన్‌డెట్=1. &కె3, &హెచ్1 కథే కదా ఇది! కాల్ ఎత్తడం ఏటీఏతోనే, కాబట్టి కాల్ కలుస్తుంది. అంకె కనిపెట్టే మాట దగ్గర కొత్త మాడ్యూల్ "ఎర్రర్" అంటుంది. పాత ప్రోగ్రామ్ ఆ జవాబు చదవకుండా ముందుకు పోతుంది. రింగ్ అయి, కాల్ కలిసి, మోటారు తిరగకపోవడానికి నేను చూసిన ఒక స్టార్టర్‌లో కారణం ఇదే.

ఇంకో రెండు చూసుకోవాలి. ఒకటి, నెట్‌వర్క్ దొరికిందా అని అడిగే మాట. 2జీ ప్రోగ్రాములు ఏటీ+సీఆర్‌ఈజీ అని అడుగుతాయి, 4జీలో ఏటీ+సీఈఆర్‌ఈజీ కూడా అడగాలి. రెండోది, మాడ్యూల్ వోల్టే కాల్స్ చేయగలదా లేదా. జియోకి 2జీ, 3జీ లేవు. కాబట్టి సిమ్800లో జియో సిమ్ వేస్తే నెట్‌వర్కే ఎక్కదు, వోల్టే లేని 4జీ మాడ్యూల్‌లో వేస్తే కాల్ రాదు.

మీ తోటలో స్టార్టర్ మార్చే పని ఉంటే కొనేముందు షాపువాణ్ణి అడగాల్సిన ప్రశ్న "4జీ ఉందా" అని కాదు. "లోపలి ప్రోగ్రామ్ ఏ మాడ్యూల్ కోసం రాసింది, ఇందులో ఉన్నది అదేనా" అని. మాడ్యూల్ మీరే మారుస్తుంటే ముందు దాన్ని బల్ల మీద కంప్యూటర్‌కి తగిలించి, ప్రోగ్రామ్ పంపే ప్రతి కమాండ్‌నూ చేత్తో కొట్టి జవాబు రాసుకోండి. "ఎర్రర్" వచ్చిన ప్రతిదీ మార్చాల్సిన లైనే. ఆ పనంతా అయ్యాకే త్రీఫేజ్ మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని స్టార్టర్ డబ్బా తెరవండి.